గెట్టు దాటిన కట్ట

సైన్సు సార్ పోయిన తర్వాత బళ్లో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్లందరూ ఆయన సాధువన్నారు, ఎవరి మాటా జవదాటేవారు కాదన్నారు. నేను ఆయనతో కలిసి పనిచేసినవాణ్ణి. ఆయన చాలామంది మాట జవదాటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది గద్వాల. వనపర్తిలో మా బడికి వచ్చి పై తరగతులకు సర్కారు భాషైన ఉర్దూలో సైన్సు చెప్పేవారు. నేను కింది తరగతులకు తెలుగు చెప్పేవాణ్ణి. మాకు సర్కారు సెలవు శుక్రవారం. గురువారం బడి వదలగానే ఇద్దరం సైకిళ్లమీద ఖిల్లా ఘణపూర్ దగ్గర ఉన్న మా ఊరికి పోయేవాళ్లం. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. వానకు కొట్టుకుపోతున్న మట్టిని ఆపాలని ఆయనే పట్టుబట్టి వచ్చేవారు.

మా వైపు అన్నదమ్ములు వానమీద పండే చెలక పంచుకుంటే వాలు వెంబడి నిలువునా చీలుస్తారు. పైన రాళ్లనేల, కింద మంచి మట్టి ఉంటాయి కాబట్టి ఇద్దరికీ రెండూ రావాలని. న్యాయమైన పంపకమే. కానీ చీలిక సన్నగా ఉంటే నాగలి అడ్డం తిరగదు. పైనుంచి కిందికి దున్నాల్సిందే. వాన పడితే ప్రతి నాగటి చాలూ ఒక కాలువ అవుతుంది. మా నాయన, చిన్నాయన అట్లాగే పంచుకున్నారు. పై సగంలో అప్పటికే బండ తేలింది. ఇట్లాగే సాగితే జొన్న వేయడానికి నేల మిగలదని అందరికీ కనిపిస్తూనే ఉంది.

వాలుకు అడ్డంగా, రెండు చీలికలనూ కలుపుతూ మట్టికట్ట వేయాలన్నారు సార్. మా నాయన ఒప్పుకున్నారు. చీలికల మధ్య హద్దును మేం గెట్టు అంటాం. చిన్నాయన భయమంతా దాని గురించే.

"గెట్టు మీదికెళ్లి కట్ట పోతే రేపు గెట్టు యాడుందని ఎవలకు తెలుస్తది? మా అన్న సంగతి నీకు తెల్వదు సాబ్" అన్నాడు.

సార్ ఆగలేదు. మా నాయన చీలికలోనే కట్ట వేయించి గెట్టు దగ్గర ఆపారు. తప్పు అక్కడే జరిగింది. తొలకరికి కట్ట నీళ్లను ఆపింది. నిండిన నీళ్లు కట్ట చివర తిరిగి చిన్నాయన చీలికలో పడి, విత్తనంతో సహా నేలను కోసుకుపోయాయి.

చిన్నాయన వనపర్తి వచ్చి బడి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంది సాబ్, పిల్లగాండ్లకు గిదేనా చెప్పేది? మా అన్న మట్టి ఆగె, నా మట్టి పాయె!"

మట్టి గంపలు మోసే పంతులు బడికి పరువు తక్కువని, ఇక అటు వెళ్లొద్దని హెడ్మాస్టర్ అన్నారు.

"బళ్లో నా పని తక్కువైతే చెప్పండి. శుక్రవారం నాది" అన్నారు సార్.

ఆ శుక్రవారమే పార, గంప తీసుకుని నేరుగా చిన్నాయన చీలికలోకి దిగి, కోసుకుపోయిన చోట పూడ్చసాగారు. చిన్నాయన పరుగున వచ్చాడు.

"ముందుగాల ఆ కట్ట తెంపు."

"తెంపను. సగంల ఆపిన, అది నా తప్పే. తెంపితే ఇద్దరి మట్టి పోతది. నువ్వు ఊఁ అను, నీ దిక్కు పొడిగిస్త."

"అననంటే?"

"అనకు. ఈ గుంత పూడ్చేదాక మాత్రం పోను. నువ్వు తిడుతుండు, నేను మోస్తుంట."

చిన్నాయన తిట్టాడు. బాగానే తిట్టాడు. సార్ మోస్తూనే ఉన్నారు, నేనూ మోశాను. మధ్యాహ్నం ఘణపూర్ పోయి జుమ్మా నమాజు చేసుకుని, తిరిగి వచ్చి మళ్లీ గంప ఎత్తారు. మళ్లీ వస్తారని చిన్నాయన అనుకోలేదు.

"సరే, కట్ట వెయ్యి. గెట్టురాయి మాత్రం కట్ట మీదనే ఉండాలె, అందరికి కనవడాలె. నేనే పాతుత."

కట్ట పూర్తయ్యాక పాతాడు. మా చీలికలోకి జానెడు జరిపి పాతాడు. మా నాయన గడ్డపార పట్టుకుని లేచారు.

"జూసినవా సాబ్! జానెడు మింగిండు!"

"వాన గిన్నేండ్ల సంది ఎంత మింగింది పటేలా? దాని మీదికి ఎన్నడన్న గడ్డపార పట్టుకపోయినవా?"

చిన్నాయన నవ్వాడు. మా నాయన నవ్వలేదు, గడ్డపార మాత్రం దించారు. ఆ జానెడు గురించి ఇప్పటికీ సణుగుతారు. కట్ట మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు.

తర్వాతి వానకు రెండు చీలికల్లోనూ నీళ్లు కట్ట వెనక బారుగా నిలిచాయి. మట్టి అక్కడే దిగింది. అది చూసి పక్క చెలకల వాళ్లూ సార్‌ను పిలిచారు. హెడ్మాస్టర్ వద్దని చెబుతూనే ఉన్నారు. సార్ పోతూనే ఉన్నారు.

ఆయన జ్వరంతో పోయారు. గద్వాల ఖబరస్తాన్‌లో మట్టి చేశారు. ఆ మట్టి గురించి ఏదైనా అందమైన మాట రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. రాయను.

మా ఊరికి పడమట ఇంకో అన్నదమ్ముల చెలకలో ఆయన మొదలుపెట్టిన కట్ట గెట్టు దగ్గర ఆగి ఉంది. ఈసారి ముందే మాట తీసుకుని మొదలుపెట్టారు కానీ, ఆయన పోగానే అక్కడి తమ్ముడు మాట వెనక్కి తీసుకున్నాడు. సగంలో ఆగిన కట్ట ఏం చేస్తుందో నేను చూశాను. తొలకరి దగ్గరపడింది.

మొన్న హెడ్మాస్టర్ నన్ను పిలిచారు.

"ఆయనతోపాటు ఆ మట్టిపని కూడా అయిపోయినట్టేనా?"

కాలేదన్నాను.

"మీ నౌకరీ ఇంకా ఖాయం కాలేదు, గుర్తుంచుకోండి" అన్నారు.

గుర్తుందన్నాను. ఈ గురువారం బడి వదలగానే బయలుదేరుతున్నానని కూడా చెప్పాను. ఆ తమ్ముడికి కబురు పంపాను. వస్తే తిడతానని బదులు పంపాడు. తిట్టనీ.