నాన్న తాగిన బీట్రూటు రసం

మా నాన్నకు కూరలో తీపి తగిలితే ముద్ద దిగదు. గుమ్మడికాయ కూర వండిన పూట మజ్జిగన్నంతో సరిపెట్టుకుని లేచిపోయే మనిషి. అలాంటాయన ఏడాది పాటు రోజూ పొద్దున్నే గ్లాసుడు బీట్రూటు రసం తాగారు. కళ్ళు మూసుకుని, ఆముదం పట్టించినట్టు ఒక్క గుక్కలో తాగేసి, "ఇవాళ్టికి వదిలింది" అని మూతి తుడుచుకునేవారు. తురిమి తురిమి అమ్మ చేతివేళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఆ రసంతో ఆయనకు ఒరిగేదేమీ లేదని నాకు మొదటినుంచీ తెలుసు.

నేను రాజమండ్రిలో ఉంటాను. అమ్మానాన్నలు గోదావరికి అవతల, నిడదవోలు దగ్గర పల్లెలో ఉంటారు. చేలోకి వెళ్ళిన నాన్న ఆయాసంతో గట్టు మీదే కూర్చుండిపోతున్నారని అమ్మ ఫోను చేస్తే, తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపించాను. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గారు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. రక్తం తయారయ్యే చోటే పాడైపోయిందని, ఈ వయసులో దాన్ని బాగుచేసే వైద్యమేదీ ఆయన ఒళ్ళు తట్టుకోదని, తగ్గినప్పుడల్లా రక్తం ఎక్కించుకుంటూ పోవడమే దారి అని, ముందు ముందు అది ఇంకా పెద్ద జబ్బుగా మారవచ్చని చెప్పారు.

బయటికొచ్చేసరికి నాన్న బల్ల మీద కూర్చుని ఉన్నారు. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, తలెత్తి చూశారు.

"ఏమన్నారురా?"

"రక్తం తక్కువ నాన్నా. అంతే."

ఆయన తట్టుకోలేరని అలా చెప్పానని ఇంటికెళ్ళి నా భార్యతో అన్నాను. నిజం కాదు. కోతకొచ్చిన చేను తుఫానుకు నీళ్ళలో పడిపోతే, గట్టు మీద కాసేపు నిలబడి, మర్నాడు మనుషుల్ని పిలిచి నీళ్ళలోనే కోయించి పనలు గట్టుకు చేర్పించిన మనిషాయన. తట్టుకోలేనిది నేను. అసలు సంగతి చెబితే "ఇంకెన్నాళ్ళు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ముందు కూర్చునే ధైర్యం నాకు లేదు.

రక్తం తక్కువంటే మా వైపు మందు తెలియని ఇల్లుండదు. ఊళ్ళోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. దానిమ్మకాయలు, ఖర్జూరాలు, మునగాకు, నువ్వుల చిమ్మిలి. అన్నిటికంటే బీట్రూటు గొప్పదని ఎవరో చెప్పారు. నాన్న ఏదీ కాదనలేదు. చేలో ఆకు పసుపు తిరిగితే ఏది తక్కువైందో కనుక్కుని, చెప్పిన మోతాదు తప్పకుండా చల్లే రైతు. ఆయన లెక్కలో తక్కువైనదాన్ని వేస్తే పైరు తేరుకుంటుంది. ఉగాది ముందు పక్క చేను రైతు వచ్చి, మా చేను కౌలుకిమ్మని అడిగాడట. వరి ఊడ్పుల నాటికి లేచి తిరుగుతానని చెప్పి పంపేశారట. అమ్మ ఆ మాట ఫోనులో సంతోషంగా చెప్పింది. నేను "మంచిది" అన్నాను.

మూడు నాలుగు వారాలకోసారి వంతెన దాటి వెళ్ళడం, ఆయన్ని తీసుకురావడం, రక్తనిధి దగ్గర నిలబడడం, రక్తం ఎక్కినంతసేపూ మంచం పక్కన కూర్చోవడం, మళ్ళీ దిగబెట్టి రావడం. మొదట్లో కొడుకులాగే చేశాను. తర్వాత్తర్వాత ఆఫీసు ఫోన్లు మాట్లాడుకుంటూ, గడియారం చూసుకుంటూ, రక్తం ఎక్కేది ఆయనకు, ఇంకిపోయేది నాకు అన్నట్టు మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి ఆయన బాత్‌రూముకని రెండోసారి లేవబోతే, "కాసేపు కదలకుండా ఉండలేరా?" అన్నాను. ఆయన మళ్ళీ పడుకున్నారు. ప్యాకెట్ ఆఖరి చుక్క దిగేదాకా ఇక లేవలేదు.

ఈ వేసవి చివర్లో, కాలువలకు నీళ్ళు వదిలే రోజుల్లో, డాక్టరు గారు కొత్త రిపోర్టు చూసి ముఖం చిట్లించారు. ఒంట్లో ఇనుము అనుకున్నదానికంటే బాగా పెరిగిందన్నారు. ఎక్కించే ప్రతి ప్యాకెట్‌తోనూ ఇనుము లోపలికి పోతుందట. దానికి బయటికి పోయే దారి లేదట. గుండెలో, కాలేయంలో పేరుకుంటుందట. ఇంకేమైనా వాడుతున్నారా అని నాన్ననే అడిగారు.

"టానిక్ అండి. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇచ్చారు. రెండు పూటలా, ఒక్క పూట కూడా మానలేదండి."

"ఐరన్ టానిక్కా? ఎవరు తాగమన్నారు?"

"రక్తం తక్కువని మావాడు చెప్పాడు కదండి. తక్కువైతే తాగాలి కదండి."

ఆ "మావాడు" అన్నప్పుడు ఆయన నావైపు తిరిగి చూశారు. ఆ చూపులో నా మీద ఎంత నమ్మకం ఉందో చూడలేక తల దించుకున్నాను. డాక్టరు గారు ఆ టానిక్ వెంటనే ఆపేయమని మాత్రం చెప్పారు. వెళ్ళేటప్పుడు నన్ను ఆపి, మీరు చెబుతారా, వచ్చేసారి నన్ను చెప్పమంటారా అని మెల్లగా అడిగారు.

వంతెన దాటి కొవ్వూరులో టీ కొట్టు దగ్గర కారాపాను. టీ గ్లాసులు కారులోకే తెచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చి, స్టీరింగు వైపు చూస్తూ చెప్పాను. మూలుగ సంగతి, వైద్యం లేదన్న సంగతి, టానిక్ చేసిన చెరుపు. నాకు మొదటి రోజు నుంచే తెలుసన్న సంగతి ఆఖరున చెప్పాను.

ఆయన టీ పూర్తిగా తాగారు.

"అంటే ఆకుమడే పోయిందన్నమాట."

"అవును నాన్నా."

"పొరుగూరి ఆకు తెచ్చి ఊడుస్తున్నారు నాకు."

నారు పోసిన ఆకుమళ్ళు వరదకు కుళ్ళిపోయిన ఏడు, నాటడానికి ఆకు లేక పొరుగూళ్ళకు వెళ్ళి తెచ్చుకోవడం మా రైతులందరికీ అలవాటే. మిగులున్నవాడు లేదనడు. ఒక ఏడు మేం తెచ్చుకున్నాం, ఇంకో ఏడు ఇచ్చాం. డాక్టరు గారు బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

"అయితే ఆ బీట్రూటు మానెయ్యొచ్చా?"

"మానెయ్యండి."

"ఏడాది తాగించావు కదరా, వెధవా" అన్నారు. నవ్వారనే అనుకున్నాను. కారు నిడదవోలు దారి పట్టాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ముందే చెప్పుంటే చేను వాడికిచ్చేసేవాణ్ణిగా. పాపం, ఇంటికొచ్చి అడిగాడు" అన్నారు.

పక్క చేను రైతు అప్పటికే వేరే చేను మాట్లాడుకున్నాడు. మా చేను ఆలస్యంగా, ఎవరో పైఊరి మనిషికి వెళ్ళింది. అమ్మకు నేను చెప్పలేదు. నాన్నే చెప్పారు, ఆకుమడి మాటల్లోనే. ఆవిడ నాతో కొన్నాళ్ళు ముక్తసరిగా మాట్లాడింది. ఎవరైనా దానిమ్మకాయలు తెస్తే నాన్న తీసుకుని, "ఆకుమడి పోయిందండి, ఇవి తింటే వచ్చేది కాదు" అని మామూలుగా చెబుతున్నారు. జబ్బు పేరు ఇప్పటికీ నా నోటికి రాదు.

మా వైపు ఊడ్పులు సాగుతున్న వారంలో మళ్ళీ రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఈసారి ఫోను కారులో వదిలేసి కూర్చున్నాను. మంచితనం కాదు, దాన్ని చూసే ఓపిక కూడా అయిపోయింది. ఆయన వేలాడుతున్న ప్యాకెట్ వైపు చాలాసేపు చూశారు.

"ఏ ఊరి ఆకో ఇది" అన్నారు.

"తెలియదు నాన్నా."

తలూపి కళ్ళు మూసుకున్నారు. ఏ ప్రశ్నకు భయపడి ఏడాది పాటు ఆయన చేత ఆ రసం తాగించానో, ఆ "ఇంకెన్నాళ్ళు?" ఆయన ఇంతవరకూ అడగలేదు. అడిగితే చెప్పాల్సింది కూడా ఆ రెండు మాటలే.