నొప్పి లేని మెడ

థైరాయిడ్ గడ్డ తీయించుకోవడానికి నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. పోచంపల్లిలో మాకు మగ్గమే బతుకు. నేను నూలుకు రంగు అంటకూడని చోటల్లా దారం చుట్టి, చిటికి కట్టి రంగులద్దితే, మా ఆయన నేసేవాడు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ వచ్చింది. "నువ్వు నిద్రపోయినంక మెడకు రెండు దిక్కులా సూదిమందిస్తమమ్మా. లేచినంక నొప్పి అంతగనం తెల్వది" అని చెప్పింది.

మెలకువ వచ్చేసరికి నిజంగానే నొప్పి లేదు. గదవ కింది నుంచి భుజాల దాకా ఎవరిదో చర్మం తెచ్చి నాకు అతికించినట్టుంది. తీసి దాచిన కమ్మలు మా అత్త మళ్లీ పెడుతుంటే ఆమె చేతులు కదలడం కనిపించింది గానీ, చెవులకు ఏమీ తెలియలేదు. నీళ్లడుగుదామని నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది.

మాట పోయిందేమోనని మళ్లీ మళ్లీ నోరు తెరిచి చూశాను.

చూడవచ్చిన ఆడబిడ్డ "ఎట్లున్నవు వదినె?" అని నన్నడిగింది. "మంచిగనే ఉంది, నొప్పేం లేదు" అని మా ఆయన చెప్పాడు.

"నొప్పి లేకుంటే ఇంకేం ఫికర్? నాలుగొద్దులైతే పనిల కూసుంటది" అంది అత్త.

తర్వాత అత్తా ఆడబిడ్డా నా మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని ఎవరిదో పెళ్లి ముచ్చట్లలో పడ్డారు. తల తిప్పలేను, పిలవలేను. కళ్లలో నీళ్లు కారితే మత్తు దిగుతాందన్నారు. చివరికి చేతికందిన స్టీలు గ్లాసుతో మంచం కమ్మీని కొట్టాను. ఆ చప్పుడుకు నర్సు వచ్చి నా నోటి దగ్గర చెవి పెట్టింది.

"గొంతు పోయిందా?" అన్నాను.

"పోలే అక్కా. సూదిమందుకు మెడ మొద్దుబారింది, రేపటికి దిగుతది. గొంతుల పైపు ఏసిండ్రు గద, అందుకే మాట వస్తలేదు. సారుకు గూడ చెప్త." అత్త వైపు తిరిగి, "మెడ ఉబ్బినా, ఊపిరాడకున్నా జల్ది పిలువుండ్రి" అంది. పెళ్లి ముచ్చట్లు అక్కడితో ఆగిపోయాయి.

మర్నాడు కుట్ల దగ్గర సలుపు మొదలైంది. చెవులకు కమ్మల బరువు తెలిసింది. ఎంత నొచ్చినా నాకు ధైర్యంగా ఉండింది.

ఇంటికి వచ్చినా గొంతు మాత్రం తొందరగా రాలేదు. వంటింట్లోంచి పిలిస్తే మగ్గం చప్పుడులో మా ఆయనకు వినపడేది కాదు. తల వంచి చిటికి కడుతుంటే మెడ బిగుసుకునేది. "ఇంకా నొస్తాందా?" అని అత్త అడిగితే, మళ్లీ దారం అందుకునేదాన్ని.

తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు "ఎట్లుంది?" అన్నాడు. మా ఆయన నోరు తెరవబోతే మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను.

"నేను చెప్త."

మాట బొంగురుగా వచ్చింది. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మెల్లగా, ఆగి ఆగి, చాలాసేపు చెప్పాను.