నెయ్యి పూసిన తూటాలు

మొన్న మా ఆవిడ పగిలిన మడమలకు రాసుకుందామని పొయ్యి మీద తేనెమైనం కరిగించి, అందులో రెండు చెంచాల నెయ్యి వేసింది. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న నేను ఆ వాసనకు లేచి వెళ్లి, ఏదో మరిచిపోయినవాడిలా వంటింట్లో నిలబడ్డాను. "దోసెలనుకున్నారా?" అంది. కాదు, నాకు తుపాకీ గుర్తొచ్చింది. ఆ మాటంటే ఇంకో గంట వివరించాలని ఊరుకున్నాను. మీకైతే చెప్పొచ్చు.

రెండువేల ఐదు ప్రాంతంలో నేను దుబాయ్ అవతల కల్బాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరును. దుబాయ్ అంటే అద్దాల మేడలే అనుకునే మా నెల్లూరు వాళ్లకు, ఒక పక్క సముద్రం, ఒక పక్క బోడికొండలు, మధ్యలో మేకలు అని చెప్తే నమ్మేవాళ్లు కాదు. వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. మా కఫీల్ వాళ్ల నాన్నను ఇంటిల్లిపాదీ బాబా అనేవాళ్లం. ఆయనకు తాతల నాటి రైఫిల్ ఒకటుండేది, లైసెన్సుతో సహా. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం ఆయన పెదనాన్న కొడుకు కొండల్లోంచి దిగి వచ్చేవాడు. ఇద్దరు ముసలాళ్లూ ఎండిన వాగులో ఒక రాయికి సున్నం పూసి, దాన్ని గురిపెట్టి కాల్చేవాళ్లు. సీసం కరిగించి తూటాలు ఎవరింట్లో వాళ్లే పోసుకోవాలి. అవి తుపాకీ గొట్టంలో సాఫీగా జారడానికి మైనమూ కొవ్వూ కలిపి ఎవరింట్లో వాళ్లే పూసుకోవాలి. "బజారులో కొన్న తూటా తగిలితే అది బజారువాడి గురి" అనేవాడు బాబా.

ఆ ఏడు బాబా వేళ్లు వణకడం మొదలైంది. తూటా చుట్టూ ఉండే సన్నటి గాడుల్లో మాత్రమే మైనం నిండాలి, అడుగున అంటకూడదు. ఆయన పూస్తే అడుగునా అంటేది, లుంగీకీ అంటేది, చివరికి గడ్డానికీ అంటేది. కఫీల్ మర్యాదగానే చెప్పేశాడు, ఈసారి కాల్చలేకపోతే రైఫిల్‌ను అతిథుల గది గోడకు తగిలించేద్దామని. గోడకెక్కిన తుపాకీ మళ్లీ దిగదని బాబాకు తెలుసు. అందుకే తోటమాలిని పిలిచాడు. అతనిది జగిత్యాల పక్క పల్లె, నా ఈడువాడే. గులాబీ కొమ్మలకు అంట్లు కట్టిన వేళ్లు కావడంతో ఒక్క సాయంత్రంలో పని పట్టుకున్నాడు. పూసిన తూటాలను ఖర్జూరపాకు చాప మీద బుద్ధిమంతుల్లా నిలబెట్టాడు. బాబా ఒక్కొక్కటీ కళ్లకు దగ్గరగా తిప్పి చూసి, "జైన్, జైన్" అని మెచ్చుకున్నాడు.

నేను చదువుకున్నవాణ్ణి కాకపోయుంటే అంతా బాగానే ఉండేది. నా బడి తొమ్మిదో తరగతితో ఆగిపోయినా, మా ఊరి గ్రంథాలయంలో చరిత్ర బీరువా మొత్తం నమిలేశానన్న గర్వం నాకుండేది. ఆ సాయంత్రం టీ తాగుతూ, తూటాలకు ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూశారన్న మాట సిపాయిల తిరుగుబాటుకు ఎలా నిప్పంటించిందో, మీరట్ నుంచి ఢిల్లీ దాకా తోటమాలికి కళ్లకు కట్టినట్టు చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్నాళ్లకు చరిత్ర మీద శ్రద్ధ ఉన్నవాడు దొరికాడని మురిసిపోయాను.

మర్నాడు అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "నేను ముట్టనే అన్నా. గా గిన్నెల కొవ్వు గొర్రెదో గొడ్డుదో ఎవలు జూసిండ్రు?"

"గొర్రె తోక కొవ్వే అబ్బయా! బాబా చెప్పలా?"

"గప్పుడు తెల్లదొరలు గూడ గట్లనే మంచిదని చెప్పిండ్రు గద. నువ్వే అంటివి."

నా చరిత్ర నాకే ఎదురు తిరిగింది. శుక్రవారం చూస్తే ఎల్లుండే.

బాబా "క్యా హువా?" అన్నాడు. హిందీ నాలుగు ముక్కలు, అరబ్బీ రెండు ముక్కలు కలిపి సంగతి చెప్పాను. నా మాటనే శంకిస్తాడా అని ఆయనకు కోపమొస్తే అతని వీసా ఖలాస్, దాని వెనకే నాదీ. బాబా తోటమాలి వైపు తిరిగాడు. తర్వాత అడిగింది ఒక్కటే. "ఘీ ఖాతా హై?" తోటమాలి తలూపాడు. "దేవుని దీపంలకు గూడ గదే" అన్నాడు. బాబా లేచి కొవ్వు గిన్నెను తన చేతులతోనే అవతల పెట్టేసి, ఆవు నెయ్యి తెమ్మని "యల్లా!" అంటూ నన్ను కొట్టుకు తరిమాడు. పాత పూతంతా వేడినీళ్లతో కడిగే శిక్ష చరిత్రకారుడికే పడింది. తోటమాలి మైనంలో నెయ్యి కలిపి మళ్లీ మొదట్నుంచి పూశాడు. పూత మెత్తగానే ఉన్నా చలికి నిలబడింది. తెల్లారి చూస్తే చాప నిండా చీమలు. తిట్టుకుంటూ ఒక్కొక్క తూటానీ ఊదుకున్నాడు.

శుక్రవారం మొదటి దెబ్బకే పొగలోంచి నెయ్యి వాసన గుప్పుమంది. కొండ ముసలాయన ముక్కు ఎగబీల్చి, కాల్చడానికి పిలిచావా, భోజనానికి పిలిచావా అని నవ్వాడు. నాకు అర్థమైనంతలో బాబా జవాబు ఇది: "నా ఇంట్లోవాళ్లు తినేదే నా తూటా కూడా తింటుంది." అవి తిన్నాయి గానీ రాయి జోలికి పోలేదు. ఒకటి తర్వాత ఒకటి ఇసుకలో దిగిపోయాయి. కఫీల్ తల వంచుకున్నాడు. ఆఖరి తూటాకు రాయి అంచున సున్నం పొడి లేచింది. గాలికి లేచిందని కొండ ముసలాయన, తగిలిందని మేమూ! బాబా రైఫిల్ కింద పెట్టగానే తోటమాలి పరుగెత్తి, రాలిన సున్నపు పెచ్చు ఏరుకొచ్చి ఆయన అరచేతిలో పెట్టాడు. ఆ చేయి అప్పుడూ వణుకుతూనే ఉంది. కఫీల్ రైఫిల్ తీసుకుని, తుడిచి, మళ్లీ పెట్టెలోనే పెట్టాడు.

మిగిలిన నెయ్యీ మైనమూ తోటమాలి ఒక చిన్న డబ్బాలో దాచుకుని మడమలకు రాసుకునేవాడు. తర్వాత బాబా కూడా అడిగి రాయించుకునేవాడు. ఆ చిట్కాను మా ఇంటికి తెచ్చింది నేనే. ఎక్కడ నేర్చానో మా ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నేను తిరిగొచ్చేశాక, రైఫిల్ గోడకెక్కిందని తోటమాలి ఫోన్‌లో చెప్పాడు. కింద గూట్లో సున్నపు పెచ్చు కూడా పెట్టారట. కాలం ఎవరి మీదా గురి తప్పదు. కాకపోతే కొన్ని చలికాలాలు, నెయ్యి పూసుకున్నట్టు, దాని చేతిలోంచి జారి మన దగ్గరే ఉండిపోతాయి.