చివరి పెట్టెకు పసుపు బోర్డు

గేటు మామ పోయిన కబురు నాకు ఆర్డరుగా వచ్చింది. అల్లూరు మెయిన్ రోడ్డులో నాది ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు. ఆ గురువారం పొద్దున షట్టరు ఎత్తి, మిషను ఆన్ చేసి, ఫోను చూసుకుంటే చర్చి కార్యదర్శి గారి దగ్గర్నుంచి మెసేజీ ఉంది. ఆరడుగులకు నాలుగు, శ్రద్ధాంజలి, పదకొండింటికల్లా కావాలి. దాని కింద ఫొటో. తెరిచి చూస్తే గేటు మామ, చేతిలో బొమ్మ రైలుపెట్టె పట్టుకొని నవ్వుతున్నాడు. ఆ ఫొటో నేను తీసిందే. పాపం పెద్దాయన తొందరలో ఒకటికి బదులు ఇంకొకటి పంపారనుకున్నాను. 'తప్పు ఫొటో వచ్చిందండీ, ఇది మన గేటు మామది, అసలుది పంపండి' అని రాసి, చివర నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టాను.

ఆయన వెంటనే ఫోను చేశారు.

"ఫొటో కరెక్టేనయ్యా. పొద్దున ఆరింటికి, కాఫీ గ్లాసు చేతిలో ఉండంగానే పోయినాడు."

ఆ నవ్వు బొమ్మ ఇప్పటికీ నా ఫోనులో అట్లాగే ఉంది. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా, ఎవరో వచ్చి పొరపాటైందని చెబుతారేమోనని ఒక పక్క అనిపిస్తూనే ఉంది.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. బిట్రగుంట లైను మీద ఒక లెవెల్ క్రాసింగులో ముప్పై ఏళ్లకు పైగా గేటు వేసి, గేటు తీసిన మనిషి. ఆయన రిటైరైన ఏడాదే ఆ గేటు కూడా పోయింది. పట్టాల కింద దారి తవ్వారు, వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్లు. ఉద్యోగం పోయినా, గేటు పోయినా పేరు మాత్రం మిగిలింది. ఊరందరికీ ఆయన గేటు మామే.

నాకు పరిచయమైంది ఆరేళ్ల కిందట. నోటుబుక్కు కాగితం నా బల్ల మీద పరిచి, జానెడు పొడవు రైలుపెట్టెకు అతికించడానికి నీలం ఫ్లెక్సీ కావాలన్నాడు, కిటికీలతో సహా. మనవళ్ల కోసమేమో అనుకొని పది నిమిషాల్లో ఏదో గీసి, ప్రింటు తీసి ఇచ్చాను. నుదుటి మీది కళ్లజోడు కిందికి దించి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఒక కిటికీ తక్కువుండాదబ్బయ్యా. ఆ కిటికీ కాడ కూర్చునేవాడు ఏం కావాల?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మూడుసార్లు తీసి ఇచ్చాను. మూడోది తీసుకొని, ఎట్లా అతికిస్తాడో వచ్చి చూడమన్నాడు. ఆ సాయంత్రమే చూడటానికి వెళ్లి, బొమ్మ రైళ్ల పిచ్చిలో పడ్డాను.

మేడ మీది గదిలో రెండు ప్లైవుడ్ చెక్కలు కలిపి ఒక చిన్న లోకం పెట్టుకున్నాడు. బ్యాటరీ ఇంజను ఒక్కటే కొన్నది. మిగతావన్నీ చేతి పని. రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెలు కోసి ప్లాట్‌ఫారాలు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో వరిచేలు, అద్దం ముక్కలతో రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలకడానికి ఐసు పుల్లలతో చేసిన ఏరేటర్లు. బొమ్మ రైళ్లకు కొండ, సొరంగం ఉంటేనే అందమని నేనంటే, "మన లైను మీద కొండ యాడుందబ్బయ్యా, లేనిది నేను పెట్టను" అన్నాడు. మధ్యలో ఒక గేటు, దాని పక్కన పచ్చజెండా పట్టుకున్న వేలెడు మనిషి. ఆ బొమ్మ తల ఇంజను వైపు లేదు. వెనక్కి, ఆఖరి పెట్టె వచ్చే వైపు తిరిగి ఉంది.

ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు. మీలో రోజూ రైలెక్కే వాళ్లు కూడా గమనించి ఉండరు. ప్రతి రైలు చివరి పెట్టె వెనకా ఒక చిన్న పసుపు బోర్డు తగిలిస్తారు, దాని మీద ఎల్, వి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు నల్లగా ఉంటాయి. ఇదే ఆఖరి పెట్టె అని గుర్తు. గేటు దగ్గర జెండా పట్టుకొని నిలబడ్డ మనిషి చూడాల్సింది దాన్ని. అది కనిపిస్తే రైలు మొత్తం వచ్చినట్టు. కనిపించకపోతే ఏదో పెట్టె ఊడి వెనక ఉండిపోయినట్టు, వెంటనే స్టేషనుకు ఫోను చేయాలి. సర్వీసు మొత్తంలో ఎన్నిసార్లు అట్లా జరిగిందని అడిగాను. ఒక్కసారి కూడా లేదన్నాడు. మరి అన్నేళ్లు ఏం చూశావు మామా అని నవ్వాను.

"లేదని చూసేది కాదబ్బయ్యా. ఉండాదని చూసేది," అన్నాడు.

ఇంకో అలవాటు ఉండేది. మనం ఏది చెప్పినా తిరిగి మనకే అప్పజెప్పేవాడు. గేటు ఫోనులో స్టేషను మాస్టరు చెప్పిన మాట తిరిగి చెబితే తప్ప విన్నట్టు లెక్క కాదట. ఆదివారం నాలుగింటికి వస్తా మామా అంటే, "ఆదివారం, నాలుగు గంటలు, వస్తుండావు" అనేవాడు. కొత్తలో నాకు చిరాకు. తర్వాత్తర్వాత ఆయన తిరిగి చెబితే గానీ చెప్పినట్టు ఉండేది కాదు.

నాకు తోడు ఐసు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్, హైస్కూలు సైన్సు టీచరమ్మ కూడా చేరారు. ఆదివారం నాలుగింటికి మేడ గది, అత్త వేయించిన వేరుశనక్కాయలు, రైలు చుట్టూ నలుగురం. మేం వెళ్లేటప్పుడు మామ మెట్ల మీద నిలబడి, చివరి మనిషి రోడ్డెక్కేదాకా చూసి అప్పుడు తలుపు వేసేవాడు.

ఈ వేసవి సెలవుల్లో బొమ్మ రైళ్ల మీద ఒక పిల్లల సినిమా తెలుగు మాటలతో వచ్చింది. పేరు చెప్పను. చెబితే మీరూ చూసి, ఏదో ఒక పక్షం పట్టాల్సి వస్తుంది. ఒక ఇంట్లో తిరిగే బొమ్మ రైలుకు చివరి బుల్లి పెట్టె కొక్కెం ఊడి సోఫా కింద ఉండిపోతుంది. రైలు అది తెలియక మూడు స్టేషన్లు దాటిపోతుంది. బుల్లి పెట్టె ఇల్లంతా వెతుక్కుంటూ, పిల్లిని తప్పించుకొని చివరికి వెళ్లి కలుసుకుంటుంది. కథ ఇంతే. దాని మీద మేం మూడు వారాలు కొట్టుకున్నాం. ఇంజను లేని పెట్టె తనంతట తాను ఎట్లా నడుస్తుందని ఎలక్ట్రీషియన్. పెట్టెకు కళ్లూ నోరూ ఉన్నాయంటే నమ్మినవాడివి, నడిచిందంటే నమ్మలేవా అని టీచరమ్మ.

మామకు ఇవేవీ పట్టలేదు. పెట్టె మాట్లాడనీ, ఏడవనీ, ఆయనకు అభ్యంతరం లేదు. ఆయన గొడవంతా బోర్డు గురించే. బోర్డు లేని బండి మూడు స్టేషన్లు దాటితే ఒక్కడన్నా చూడలేదా అని. ఇంటి దగ్గర ఒంటరిగా ఇంకో నాలుగుసార్లు చూసి కొత్త సాక్ష్యం పట్టుకొచ్చాడు. మూడో స్టేషనులో టోపీ పెట్టుకున్న బొమ్మ ఒకటి ఉందట, అది పోయే రైలుకు చెయ్యి ఊపుతోందట. "బోర్డు లేని బండికి చెయ్యి ఊపతాడా?" అని మమ్మల్ని నిలదీశాడు. వాడు చూసి ఆపితే ఇక కథే లేదు కదా మామా అన్నాను.

"కథ కోసరం పెట్టెను ఒదిలేస్తారా?"

నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

సెలవుల్లో ఆఖరి శనివారం ఆ సినిమానే చర్చి పక్కన సండేస్కూలు హాల్లో వీధి పిల్లలకు వేసి, తర్వాత మామ రైలు నడిపించాలనుకున్నాం. ప్రొజెక్టరు నాది, పెత్తనమూ నాదే. సినిమాకు ముందు రెండు నిమిషాలు పిల్లలకు బోర్డు సంగతి చెబుతానన్నాడు మామ. వద్దన్నాను, పిల్లలు విసుక్కుంటారన్నాను. సోమవారం పొద్దుటి నుంచి మా గ్రూపులో వరసగా వాయిస్ మెసేజీలు పెట్టాడు. పెళ్లిళ్ల సీజను, షాపులో ఊపిరాడటం లేదు. ఏడో మెసేజీకి నాకు తిక్క రేగింది. అందరూ చూసే చోట ఇట్లా రాశాను: 'గేటే లేదు మామా, ఇంకా జెండా ఎందుకు? పిలకాయల సినిమా పిలకాయలను చూడనీ.'

నీలం టిక్కులు రెండూ పడ్డాయి. చదివాడు. తిరిగి చెప్పలేదు. ఆరేళ్లలో నా మాట ఆయన తిరిగి చెప్పకపోవడం అదే మొదలు. మంగళవారం లేదు, బుధవారం లేదు. అలిగాడులే, శనివారం ఎట్లాగూ కలుస్తాం, వేడి బజ్జీలు పట్టుకుపోయి బతిమాలుకుందామనుకున్నాను. గురువారం పొద్దున ఆర్డరు వచ్చింది.

ఆ ఫ్లెక్సీ నేనే డిజైను చేశాను. కుర్రాళ్లకు ఇవ్వబుద్ధి కాలేదు. మబ్బులు, పావురాలు, 'ప్రభువునందు నిద్రించిరి' అన్న అక్షరాలు, అన్నీ కంప్యూటరులో రెడీగా ఉండేవే. చేతిలో బొమ్మ కనపడకుండా ముఖం వరకే ఉంచమన్నారు కార్యదర్శి గారు. కత్తిరించాను. ఎంత కత్తిరించినా కింద మూలన నీలం పెట్టె అంచు ఒకటి మిగిలింది, ఒక కిటికీతో. దాన్ని ఉంచేశాను. ఎవరూ అడగలేదు. మిషను నుంచి నుదురు, కళ్లజోడు, నవ్వు ఒక్కొక్కటే బయటికొస్తుంటే అక్కడ నిలబడలేక రోడ్డు మీదికి వచ్చేశాను.

శుక్రవారం సమాధుల తోటకు నడిచేటప్పుడు నేను అందరికన్నా వెనక నడిచాను. వెనక ఎవరూ మిగల్లేదని ఒకటికి రెండుసార్లు తిరిగి చూశాను.

ఆదివారం నాలుగింటికి కాళ్లు వాటంతట అవే ఆ ఇంటికి పోయాయి. అత్త ఒక్కతే కూర్చొని ఉంది. చెప్పేశాను, నా మాట మీద అలిగి ఆ మూడు రోజులూ ఉన్నాడు, అట్లాగే పోయాడు, నాదే తప్పు అని. ఏడుపు ఆగలేదు. అత్త విని, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"అలగలేదు నాయనా. నీ మాట నాకు రెండుసార్లు చెప్పినాడు. గేటే లేదంట, జెండా ఎందుకంట, అని. చెప్పి నవ్వినాడు. వాడన్నదీ నిజమే గదా అన్నాడు. ఆ మీదట పైకి పోయి ఈ పనిలో పడినాడు. కూటికి కూడా పిలిస్తేనే దిగినాడు."

లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మూత తీస్తే అగ్గిపెట్టెంత పసుపు బోర్డులు. నా షాపులో పారేసే పసుపు ఫ్లెక్సీ ముక్కలే, ఎప్పుడు ఏరుకుపోయాడో తెలియదు. ఒక్కోదాని మీదా ఎల్, వి అని నల్లటి అక్షరాలు, పైన దారం ముడి. సండేస్కూలు పిల్లల పేర్లు రాసుకున్న కాగితం అడుగున ఉంది. ఎంతమంది పిల్లలో అన్ని బోర్డులు. సినిమా వాడిష్టం, ముందు నేనేమీ మాట్లాడను, అయిపోయినాక పిలకాయలకు తలా ఒకటి ఇస్తా, వాళ్లే మన రైలుకు తగిలిస్తారు అన్నాడట. నా మాట విన్నాడు, తిరిగి కూడా చెప్పాడు. నాకు వినపడలేదంతే.

శనివారం ఆట అప్పటికే ఆపేశాం. ఇక పూర్తిగా మానేద్దామన్నాను. "మానేస్తే ఈ డబ్బాను నేనేం చేసుకునేది?" అంది అత్త. వచ్చే శనివారానికి పెట్టాం.

మధ్యాహ్నం రెండింటికి హాలు కిటికీలకు నల్ల ఫ్లెక్సీలు కట్టి చీకటి చేశాం. మామ అనుకున్నది సినిమా తర్వాత. అత్త మాత్రం గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకొని, లోపలికొచ్చే ప్రతి బిడ్డ చేతిలో ఒక బోర్డు పెట్టింది. నేను ముందుకెళ్లి నిలబడి, ఆయన అడిగిన రెండు నిమిషాలు మాట్లాడాను. బోర్డు ఎందుకు తగిలిస్తారో, అది లేకపోతే ఏమైనట్టో చెప్పాను. బాగా చెప్పలేదు. పిల్లలు బోర్డులతో ఒకరి వీపు ఒకరు గీరుకుంటున్నారు, విన్నారని నేననుకోలేదు.

సినిమా మొదలైంది. బుల్లి పెట్టె కొక్కెం ఊడింది. రైలు మొదటి స్టేషను దాటుతోంది. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"బోర్డు లేదు. ఆపండి."

ఇంకొకరు లేచారు, ఇంకా కొందరు లేచారు, హాలు మొత్తం తెర మీది రైలును ఆపమని అరిచింది. ఎలక్ట్రీషియన్ నా వంక చూశాడు. నేను గోడకు ఆనుకున్నాను. ఈ అరుపులు వినాల్సిన మనిషి లేడని ఆ క్షణంలో నాకు నిజంగా తెలిసింది. ఒక బుడ్డోడు తన బోర్డు పట్టుకొని తెర దగ్గరికి పరిగెత్తితే ఆ పిల్లే చెయ్యి పట్టి ఆపింది. "ఇప్పుడు కాదు రా. బుల్లిది వచ్చినాకనే" అంది.

చివరికి బుల్లి పెట్టె వచ్చి రైలుకు తగులుకుంది. పిల్లలందరూ లేచి తెర ముందుకు తోసుకొచ్చారు. చేతులెత్తి బోర్డులు పట్టుకున్నారు. ప్రొజెక్టరు వెలుతురులో వాటి నీడలు తెరంతా కదిలాయి, జరిగాయి. ఒక చిన్న నీడ మాత్రం బుల్లి పెట్టె వెనక సరిగ్గా పడి, రైలుతోపాటే నడిచింది. రైలు మళ్లీ చుట్టు తిరిగి మూడో స్టేషనుకు వచ్చేసరికి టోపీ బొమ్మ ఎప్పటిలాగే చెయ్యి ఊపింది, ఈసారి బోర్డు ఉన్న బండికి.