పాట లేని రిక్షా

మైదా ఉడికే వాసన వస్తే నాకు ఆకలి వేయదు, కోపం వస్తుంది. మొన్న హన్మకొండలో ఎలక్షన్ పోస్టర్లు అంటించేవాళ్లు రోడ్డు పక్కన రాళ్ల పొయ్యి పెట్టి, డబ్బాలో జిగురు కాస్తున్నారు. మేకలు పోస్టర్లను నమిలేయకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. ఆ చేదు ఆవిరి ముక్కుకు తగలగానే చేతిలోని చాయ్ పక్కన పెట్టేశాను. కొన్నేళ్ల కింద నా చేతులు, నా అంగీ, తినే అన్నం కూడా ఇదే వాసన కొడుతుండగా, ప్రపంచంలో యుద్ధాలు ఎందుకు జరుగుతాయో ఈ ఊరికి చెప్పి తీరాలని ఒక మనిషి పట్టుబట్టాడు. ఆయన దేవదానం సార్. మీరు ఆయన్ను చూసి ఉండరు. చూసినవాళ్లేమో చూడనట్టే తిరుగుతున్నారు. అందుకే రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పడం మంచిది. నేను పోస్టర్లు అంటించి, రిక్షాలో కూర్చుని మైకులో అరిచి బతికేవాణ్ణి. కొత్త సినిమా, చీరల సేల్, పళ్ల డాక్టరు, ఏదైనా సరే. నేను గొంతెత్తితే కాజీపేటలో మద్రాసు రైలు ఆగి వినేది. సిగ్నల్ కోసం ఆగిందని కొందరంటారు. వాళ్లకు నా మీద అసూయ. ఒకసారి సర్కసులో ముసలి సింహం తప్ప చూడడానికి ఏమీ లేకపోతే, అది ముగ్గురు కలెక్టర్లను మింగిందని ప్రచారం చేశాను. జనం టికెట్లు కొని లోపలికి పోయి, పడుకుని ఆవలిస్తున్న సింహాన్ని చూసి, కలెక్టర్లు ఇంకా అరగలేదు కావచ్చని సర్ది చెప్పుకున్నారు తప్ప ఒక్కరూ నన్ను తిట్టలేదు. రిక్షా తొక్కేది మరిపెడ నుంచి వచ్చిన కొమురయ్య. నాకన్నా పెద్దవాడు. నేను ఎన్ని కోతలు కోసినా వెనక్కి తిరగకుండా తొక్కుతూ, సందు మలుపులో మాత్రం, "తమ్మీ, గిది జర ఎక్కువైంది" అనేవాడు.

దేవదానం సార్ సర్కారు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. వర్ధన్నపేట దగ్గరి పల్లె ఆయనది. ఆదివారం చర్చికి, మిగిలిన రోజులు కాలేజీకి, ఒకే తెల్ల చొక్కా ఉతుక్కుని వేసుకున్నట్టు కనిపించేవారు. మా మైక్ సెట్ దుకాణానికి ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, చర్చిలో పెళ్లికి మైకు కావాలేమో అనుకున్నాను. కాదన్నారు. కాలేజీలో సెమినార్ పెడుతున్నామని, ప్రపంచ సంఘర్షణలు, సామాన్య జనం అనేది విషయమని చెప్పారు.

"సామాన్య జనం మీద సెమినార్ అయితే సామాన్య జనం రావాలె గద యాదగిరీ. నువ్వు పిలిస్తే వస్తరంట."

"వస్తరు సార్. కానీ ఏం చూపెడ్తరు?"

"ఏం చూపెట్టం. మాట్లాడ్తం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చాయ్ తెప్పిస్తే తాగుతూ, వాళ్ల అన్న సంగతి చెప్పారు. తెల్లోళ్ల కాలంలో పెద్ద యుద్ధానికి పట్టాళంలో చేరి బర్మా పోయాడట. తిరిగి రాలేదు. ఊళ్లోకి చదువుకున్నవాడు ఎవడు వచ్చినా తల్లి ఒక్కటే అడిగేదట, బర్మా ఏడుంటది, ఆడ మా పోరగానికి ఏం పని అని.

"మా అవ్వకు జవాబు చెప్పెటోడు ఒక్కడు లేకుండె. నేను చదువుకొని జవాబు నేర్చేసరికి అవ్వ లేకుండె," అన్నారు.

ఆ మాట తర్వాత నేను రేటు మాట్లాడలేకపోయాను. నా వృత్తిలో అంత పెద్ద దెబ్బ అంతకు ముందు తినలేదు.

ప్రిన్సిపాల్‌కు ఈ వ్యవహారం నచ్చలేదు. నేను హాలు చూడడానికి కాలేజీకి వెళ్లినప్పుడు నా ఎదుటే అన్నాడు: "దేవదానం గారూ, సెమినార్‌కు పండితులు వస్తారు. బజారును పిలవడం దేనికి? గోడలు ఖరాబు కావడం తప్ప లాభం లేదు." సార్ వినయంగానే జవాబు చెప్పారు: "హాలు నిండుతుంది సార్. నిండకపోతే ఆ మాట నా మీద ఉండనివ్వండి." ప్రిన్సిపాల్ చిరునవ్వు నవ్వాడు. సంతకం పెట్టేటప్పుడు కొందరు నవ్వే నవ్వు అది. ఆ రోజు దాన్ని అంగీకారం అనుకున్నాను. సార్ జారిపడేదాకా చూడడానికి కుర్చీ వేసుకున్నాడని తర్వాత తెలిసింది.

మైకులో చదవాల్సిన మాటలు నేనే రాసుకుపోయాను. బాంబులు, ట్యాంకులు, ఏడు సముద్రాలు దాటి వస్తున్న మహాపండితులు, అన్నీ పెట్టాను. సార్ ఎర్ర పెన్ను తీశారు.

"ఏడు సముద్రాలు ఎవరు దాటుతున్నరయ్యా? ఒకాయన హైదరాబాద్ నుంచి బస్సుల వస్తాండు."

"బస్సు అంటే ఎవరొస్తరు సార్?"

"అబద్ధంతోని వచ్చినోడు అబద్ధం కోసమే కూసుంటడు. ఆళ్ల ఇంటి ముచ్చటతోని మొదలువెట్టు. స్టవ్వుల పోసే గ్యాస్‌నూనె ఎందుకు దొరుకుతలేదు? బియ్యం ధర ఎందుకు పెరిగింది? ఎక్కడనో యుద్ధమైతే మన పొయ్యికి ఏం సంబంధం? గిది అడుగు. నిజమే చెప్పు, కానీ గుమ్మంల నిలబడి చెప్పినట్టు చెప్పు."

ఆ సాయంత్రం ఆయన నా చేత పదిసార్లు చదివించారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నేర్పారు. అప్పటిదాకా నేను అరవడమే తెలిసినవాణ్ణి. మాట్లాడడం ఆ రోజు నేర్చుకున్నాను. నేను చేసినవాటిలో నా నోటికి నచ్చిన ప్రకటన అదొక్కటే. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఒక దగ్గర మాత్రం నాకూ ఆయనకూ కుదరలేదు. మా ఊళ్లో రిక్షాకు ఒక పద్ధతి ఉండేది. రెండు పక్కలా పోస్టర్లు కట్టి, సందుకొక పాట వేసుకుంటూ పోతే అది సినిమానో సేలో. పోస్టర్ లేకుండా, పాట లేకుండా బోసిగా పోతే అది సర్కారు హుకుం. నల్లా నీళ్లు బంద్, కలరా సూదులు, రేషన్ కార్డులు. అంతకు కొన్నేళ్ల ముందు పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, పొద్దుగూకాక దీపాలు బయటికి కనపడొద్దు, కిటికీలకు నల్ల కాగితం అంటించుకోండని ఊరంతా చెప్పింది కూడా ఈ రిక్షానే, ఈ గొంతే.

"పాట పెట్టాలె సార్. లేకుంటే హుకుం అనుకుంటరు," అన్నాను.

"చచ్చినోళ్ల గురించి మాట్లాడబోతున్నం. దానికి ముందు సినిమా పాటనా? వద్దు. జనాన్ని అంత తక్కువ చూడకు యాదగిరీ. వింటే తెలుసుకుంటరు."

కొమురయ్య కూడా గొణిగాడు: "సారు మంచోడే గని, రిక్షా ఎక్కి చూడలే."

మర్నాడు బోసి రిక్షాతో బయలుదేరాం. నేను సార్ నేర్పినట్టే, గుమ్మంలో నిలబడి చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పాను. యుద్ధం, గ్యాస్‌నూనె, బియ్యం, చివర్న కాలేజీలో సభ. జనం తలుపుల్లోకి వచ్చి నిశ్శబ్దంగా విన్నారు. ఎప్పుడూ వెంటపడే పిల్లలు ఆ రోజు వెంటపడలేదు. నేను దాన్ని గౌరవం అనుకుని ఉప్పొంగిపోయాను. బట్టల మిల్లు వైపు తిరిగేసరికి కిరాణా దుకాణం ముందు లైను కట్టి ఉంది. మధ్యాహ్నానికి గ్యాస్‌నూనె డబ్బాలు మాయమయ్యాయి, ఉప్పు కూడా. పొద్దుగూకే వేళకు మేం తిరిగి వస్తుంటే సందులో దీపం లేదు. ఒక ముసలామె కిటికీకి నల్ల కాగితం అంటిస్తున్నది.

"ఏందవ్వా గిది?" అన్నాడు కొమురయ్య.

"మీరే చెప్పిపోయిన్రు గద బిడ్డా, యుద్ధమొచ్చిందని. మా మనుమడు పట్టాళంల ఉన్నడు. ఆన్ని మల్ల పంపుతరా?"

కొమురయ్య రిక్షా ఆపి, ఆమె పక్కన కూర్చుని, యుద్ధం లేదని, కాలేజీలో సార్లు మాట్లాడుకునే సభ అని చాలాసేపు చెప్పాడు. ఆమె వింటూనే కాగితం అంచులు నొక్కుతూ పోయింది.

మర్నాడు ఠాణా నుంచి పిలుపు. సార్ నన్ను మాట్లాడనివ్వలేదు. "మాటలు నావి, పాట వద్దన్నది నేను," అని ఎస్సై ముందు ఒప్పుకున్నారు. ఎస్సై ఆయన్ను చాలాసేపు నిలబెట్టి, "లెక్చరర్‌వి, నీకేం పనయ్యా బస్తీలల్ల?" అన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకున్నా సార్ నిటారుగానే ఉన్నారు. బయటికి వచ్చాక నాతో అన్న మాట ఇది: "చూసినవా, యుద్ధమంటే దీపం ఆర్పుకునుడు ఒక్కటే నేర్పినం ఆళ్లకు. ఇంకేం చెప్పలే. గందుకే గద ఈ సెమినార్ కావాలె." ఇంకా ఆశ ఉంది ఆ మనిషికి.

ప్రిన్సిపాల్ అప్పటికే పైవాళ్లకు చేరవేశాడు. ఊరిని భయపెట్టిన లెక్చరర్ అని కాలేజీలో ఒక పేరు పుట్టింది. ఆయనతో పాటు చాయ్ తాగినవాళ్లు చాయ్ మానేశారు. వారం తిరగకుండా బదిలీ వచ్చింది, ఏటూరునాగారం అవతల అడవిలో కొత్తగా పెట్టిన చిన్న కాలేజీకి. వెంటనే పోవాలి. సెమినార్ మాత్రం ఆగలేదు. అతిథులకు మాట ఇచ్చారు కదా. ఆహ్వాన పత్రిక మళ్లీ అచ్చు వేయించారు. ఆయన పేరున్న చోట ప్రిన్సిపాల్ పేరు వచ్చింది.

హాల్లో మైకు పెట్టింది నేనే కాబట్టి కళ్లారా చూశాను. ముందు రెండు వరుసల్లో లెక్చరర్లు, వెనక అంతా ఖాళీ కుర్చీలు. శాంతి గురించి ఇంగ్లిషులో చాలా మాట్లాడారు. భోజనాలయ్యాక శాంతి మరీ ఎక్కువైంది, సగంమంది నిద్రపోయారు. ఇందులో అతిశయోక్తి లేదు. వాళ్ల గురకలను నా మైకే పట్టింది. అప్పుడు కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర కొమురయ్య. ఇస్త్రీ చేసిన తెల్లంగి. అతని వెంట మిల్లు కార్మికులు కొందరు, నల్ల కాగితం అంటించిన ముసలామె. యుద్ధం రాలేదని తెలిశాక, మరి ఆ సభలో ఏం చెబుతారో విందామని వచ్చారు. నేను పరుగెత్తుకుంటూ పోయాను. గేటు దగ్గర నిలబడ్డ క్లర్కు, "పాసులున్నోళ్లకే. కుర్చీలు లేవు," అంటున్నాడు.

"ఖాళీగనే ఉన్నయి గద సార్," అన్నాను.

"నువ్వు నీ మైకు చూసుకో."

కొమురయ్య గొడవ పెట్టుకోలేదు. "పోనియ్ తమ్మీ, అవ్వకు ఎండ తాకుతాంది," అని ఆమెను రిక్షా ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నేను ఏటూరునాగారం బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒక అబద్ధం తయారుచేశాను. హాలు నిండిపోయింది, కిటికీలకు జనం వేలాడారు, ప్రిన్సిపాల్ స్వయంగా కుర్చీలు మోశాడు. సింహాన్ని, కలెక్టర్లను అల్లినవాణ్ణి, ఇదెంత. ఆయన క్లాసు ముగించుకుని సుద్ద చేతులతోనే వరండాలోకి వచ్చారు. కుశలం అడగలేదు.

"జనం వచ్చిన్రా?"

ఆ ముఖం చూశాను. నా మాట ఒక్కటీ ఎన్నడూ నమ్మని మనిషి, ఆ రోజు నేను ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. అందుకే చెప్పలేకపోయాను.

"వచ్చిన్రు సార్. లోపలికి రానియ్యలే."

ఎవరెవరు వచ్చారో అడిగారు. ఒక్కొక్కరినీ చెప్పాను. ముసలామె పేరు నాకు తెలియదంటే, తెలుసుకోవలసింది అన్నారు. ఆ తర్వాత, "కొమురయ్య రిక్షా బట్టలతోనే వచ్చిండా?" అని అడిగారు.

"లేదు సార్. తెల్లంగి ఏసుకున్నడు. ఇస్త్రీది."

ఆయన గోడ వైపు తిరిగి, సుద్ద చేతులు చాలాసేపు తుడుచుకున్నారు. "కొమురయ్యకు చెప్పు యాదగిరీ..." అని మొదలుపెట్టారు. ఆగిపోయారు. లోపల గంట మోగింది. వెళ్లిపోయారు.

ఆయన మళ్లీ వరంగల్ రాలేదు. అక్కడే జ్వరంతో పోయారని చాలా రోజులకు తెలిసింది. ఆ కాలేజీలో సంతాప సభ కూడా పెట్టలేదు. పెడితే మైకు ఊరికే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఏ పార్టీ మీటింగ్ అయినా మైదానం నింపేది నేనే. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయన నేర్పిందే అమ్ముకుంటున్నాను. కొమురయ్య రిక్షా తొక్కడం మానేశాడు. కనిపించినప్పుడు చాయ్ తాగుతాం. ఎప్పుడో ఒకసారి గ్లాసు దించి అడుగుతాడు:

"ఆ సారు నాకేమన్న చెప్పుమన్నడా తమ్మీ?"

ఎవరి నోట్లోనైనా మాటలు పెట్టగలవాణ్ణి. కొమురయ్య సంతోషపడే మాట ఒకటి అక్కడికక్కడే అల్లగలను. అతను నమ్ముతాడు కూడా. చెప్పుమన్నడు కొమురన్నా, అంటాను. ఏం చెప్పమన్నారో మాత్రం నా నోటికి రాదు.