మా దొడ్డమ్మ ఎదురొచ్చే ఉద్యోగం

ఎదురు రావడం విషయంలో నాకంటే వెర్రివాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడని మొన్న సోమవారం మరోసారి రుజువైంది. మా అపార్ట్‌మెంటులో కింద వాటా ఆవిడ ఫోన్ చేసి, వాళ్ళబ్బాయి డ్రైవింగు లైసెన్సు పరీక్షకి బయల్దేరుతున్నాడనీ, సరిగ్గా తొమ్మిదీ పదికి మా ఆవిడ లిఫ్టులో కిందకి దిగి ఎదురు రావాలనీ అడిగిందట. మా ఆవిడ చీర మార్చుకుని బొట్టు దిద్దుకునే లోపల, ఈ ఏర్పాటేదీ తెలియని నేను చెత్తబుట్ట పట్టుకుని లిఫ్టెక్కేశాను. కింద తలుపు తెరుచుకునేసరికి తల్లీ కొడుకూ భక్తిగా నించుని ఉన్నారు, నేనూ నా బుట్టా దర్శనమిచ్చాం. కుర్రాడు నవ్వుకుంటూ వెళ్ళి సాయంత్రానికి పాసై వచ్చాడు కానీ, వాళ్ళమ్మ మాత్రం ఇంకా నాతో ముభావంగానే ఉంది.

నేను నొచ్చుకోలేదు. పైకి వచ్చి కుర్చీలో కూలబడి, డెబ్బై ఏళ్ళ వెనక్కి, చోడవరం వెళ్ళిపోయాను. అక్కడ మా దొడ్డమ్మకి ఇదే బతుకుతెరువు. ఎదురు రావడమే వృత్తిగా పెట్టుకుని ఆ వీధిలో ఎదురులేని మనిషి అనిపించుకుంది.

నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో చోడవరం కోర్టు చుట్టూ ఎన్ని రకాల బతుకులు తెల్లవారేవో. సాక్షులకి కోటు అద్దెకిచ్చేవాడొకడు ఉండేవాడు. పొడుగ్గా ఉన్నవాడికైనా పొట్టిగా ఉన్నవాడికైనా అదే కోటు కాబట్టి, న్యాయమూర్తికి మనిషి మారినా కోటుతో పాతపరిచయం ఉండేది. మాడుగుల బస్సులో ముందుగా వెళ్ళి కిటికీ పక్క సీటులో కూర్చుని, అసలు మనిషి రాగానే లేచి దిగిపోవడమే పనిగా ఉన్నాయన ఇంకొకడు. జీవితమంతా బస్సుల్లోనే కూర్చున్నాడు కానీ, పాపం, ఒక్కసారీ మాడుగుల చూడలేదని చెప్పుకునేవాళ్ళు.

వీళ్ళందరి మధ్య మా దొడ్డమ్మ పని నాజూకైనది. వ్యాజ్యం ఉన్నవాడు ఇంట్లోంచి అడుగు బయటపెట్టగానే నిండు బిందెతో ముత్తైదువ ఎదురు రావాలి. రావడం దానంతటదే జరిగినట్టుండాలి, అదీ అసలు కిటుకు. పిలిపించుకున్నట్టు తెలిస్తే శకునానికి బలం ఉండదట. అందుకని దొడ్డమ్మ వీధి మలుపులో కుట్టుమిషను కొట్టు పక్కన ఇత్తడి బిందె చంకనెత్తుకుని నించునేది. లోపల ఆసామి చెప్పులేసుకుంటూ రెండుసార్లు దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే బయల్దేరితే, ఆయన గుమ్మం దిగి నాలుగో అడుగు వేసేసరికి ఈవిడ ఎదురయ్యేది. ఆయన 'ఆహా' అన్నట్టు తల పంకించేవాడు, ఈవిడ ఏమీ ఎరగనట్టు సాగిపోయేది. సాయంత్రం కుంచెడు బియ్యమో, బెల్లం అచ్చో, ఏమీ లేకపోతే గుమ్మడికాయో మా ఇంటికి చేరేది.

ఒక్కోసారి ఒకే కేసులో వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఆవిడకే చెప్పేవారు. ముందు ఈ ఇంటికి ఎదురొచ్చి, సందులోంచి పరుగు పరుగున వెళ్ళి ఆ ఇంటికీ ఎదురొచ్చేది. అది తప్పు కాదా అని నేనొకసారి అడిగితే, బిందె దించి చెమట తుడుచుకుంటూ, "తప్పేటి? ఇద్దట్లో ఒకడు గెలస్తాడు గదా. వాడికి నాను నిజవే సేసేను" అంది. ఆ లెక్కన కోర్టులో ఏ ప్లీడరుకీ లేని గెలుపులు ఆవిడవి.

ఇంతకీ ఆవిడ ముత్తైదువతనానికి ఆధారం రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, ఉండేది. మా పెదనాన్న యుద్ధానికి ముందు ఓడెక్కి రంగం వెళ్ళాడు. బాంబులు పడ్డప్పుడు ఎంతోమంది అడవులంట నడిచి తిరిగొచ్చారు, ఆయన రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. కబురు రానంత కాలం దొడ్డమ్మ నుదుట కుంకుమ ఉంటుంది, కుంకుమ ఉన్నంత కాలం మా ఇంట పొయ్యి వెలుగుతుంది. ఎందుకంటే అదే ఇంట్లో ఆవిడ సొంత చెల్లెలు, అంటే మా అమ్మ, నా చిన్నప్పుడే బొట్టు చెరుపుకుని ఉంది. వీధిలో ఎవరైనా బయల్దేరుతున్నారంటే అక్క బిందె ఎత్తుకుని వీధిలోకీ, చెల్లెలు చీపురు పట్టుకుని పెరట్లోకీ వెళ్ళేవారు. ఒక కడుపున పుట్టి ఒక కంచంలో తిన్నవాళ్ళలో ఒకరు శుభం, ఇంకొకరు అశుభం ఎలా అయ్యారో నాకు అప్పుడు వింతగా తోచలేదు. వెర్రితనం అని మొదట్లోనే ఒప్పుకున్నాను కదా.

ఇంకా పెద్ద వెర్రితనం ఇక ముందుంది. నాకు ఊళ్ళోనే టెంపరరీ పోస్ట్‌మాన్ ఉద్యోగం దొరికింది. నాకు ముందున్నాయన ఖాకీ చొక్కాయే నాకూ ఇచ్చారు, అందులో నేనూ నా ఉత్తరాల సంచీ ఇద్దరం సుఖంగా పట్టేవాళ్ళం. చేరిన ఏడాదికి ఒక రోజు పోస్టుమాస్టరు గారు సార్టింగు చేస్తూ చేస్తూ ఆగి, ఒక కవరు పైకెత్తి, మీ దొడ్డమ్మకి రంగం నుంచి ఉత్తరం అన్నారు. ఆయన గొంతు పెద్దది. నేను సంచీ భుజానికెత్తుకుని మా వీధికి చేరేసరికి నాకంటే ముందే ఆ కబురు చేరిపోయింది. మా అరుగు నిండా జనం.

చదవడం వచ్చినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. దొడ్డమ్మ స్తంభానికి చేరబడి కూర్చుని చదవమంది. కవరు చించి చూశాను. పెదనాన్నతో కలిసి పనిచేసిన ఎవరో మన వైపు మనిషి రాసింది. బాంబులు పడిన వారంలోనే ఆయన ఆసుపత్రిలో పోయాడనీ, ఇన్నేళ్ళకి పాత పెట్టెలో ఈ చిరునామా దొరికితే రాస్తున్నాననీ, క్షమించమనీ. నా కళ్ళు ఆ వాక్యం మీద ఉండగానే నా నోరు తన దారిన తాను, "నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలెట్టేసింది. ఉత్తరాలు మోసేవాణ్ణి ఉత్తరాన్నే మోసం చేశాను. బియ్యం మిల్లులో పనన్నాను, ఒంట్లో బాగుందన్నాను, నీ చేతి వంట గుర్తొస్తుందన్నాను, వీలు చూసుకుని వస్తానన్నాను. మా అమ్మ తలుపు చాటున కళ్ళొత్తుకుంది.

అంతా బాగానే ఉండేది కానీ, ఎదురింటి ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, "ఒరే, మంచి కబురు ఉత్తరవంటన్నావు, మూలలకి పసుపేదిరా?" అన్నాడు. శుభవార్తకి నాలుగు మూలలా పసుపు రాయడం అప్పటి రివాజు కదా. రంగంలో పసుపు దొరకదండీ అన్నాను. ఆయన, "అంత పెద్దూళ్ళో పసుపు నేదేటి" అని ఆశ్చర్యపడి, చోడవరంలో పుట్టినందుకు సంతోషిస్తూ వెళ్ళిపోయాడు.

ఆ తరవాత మూడు నెలలు నేను పడ్డ అవస్థ ఏ దొంగకీ వద్దు. చావు కబురు ఉత్తరం చదివిన వెంటనే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. మంచి కబురైతే దాచుకోడానికి తీగకి గుచ్చాలి. ఇది చింపలేను, గుచ్చలేను, చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను. పైగా దొడ్డమ్మ పదిరోజులకోసారి మళ్ళీ చదవమనేది. ఎప్పుడు ఏం చెప్పానో గుర్తుండక ఒక్కోసారి ఒక్కోలా చదివేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. లేని మనిషి మీద ఆశ పెంచుతున్నానే అని నాకు ముద్ద దిగేది కాదు. అలాగని నిజం చెబితే ఆవిడ బిందె, మా ముగ్గురి బతుకూ ఒక్కసారే బోర్లాపడతాయి. నా టెంపరరీ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో ఆ ఖాకీ చొక్కాకైనా తెలియదు.

మా వీధి మొగలో ఒక కామందు గారుండేవారు. చెరకు పొలం గట్టు కోసం పదకొండేళ్ళుగా కోర్టుకి నడుస్తున్నారు. ఆ చలికాలంలో ఒక వాయిదా రోజున ఆయన గుమ్మం దిగేసరికి, మా పెయ్య తాడు తెంపుకుని వీధిలోకి పరిగెత్తడమూ, దాని వెనక మా అమ్మ పరిగెత్తడమూ జరిగాయి. కామందు గారు వెనక్కెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, మళ్ళీ బయల్దేరారు. ఆ సాయంత్రం ఆయన పాలేరు మా గుమ్మం ముందు నించుని, నలుగురూ వినేలా, "కోర్టు రోజుల్లో మీ యమ్మని పెరట్లోనే ఉంచమన్నారు బాబుగారు" అని చెప్పి వెళ్ళాడు. మా అమ్మ పెయ్యని ఇంకో తాడుతో, రెండు ముడులు వేసి కట్టింది. ఆ రెండో ముడి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

నెల తిరక్కుండా ఆయన కేసు తీర్పు రోజు వచ్చింది. దొడ్డమ్మకి ముందే చెప్పి పెట్టుకున్నారు. తీరా ఆ పొద్దున్న ఆవిడ జ్వరంతో లేవలేకపోయింది. గానుగల పొగా, మంచూ కలిసి వీధి వీధంతా తెల్లగా ఉంది. ఎదురు రాకపోతే, కేసు పోతే, ఆ నెపం దొడ్డమ్మ మీద పడుతుంది, మరింకెవరూ పిలవరు. ఆ కంగారులో నా నోట్లోంచి అమ్మని పంపుదాం అన్న మాట వచ్చేసింది. అమ్మ అదిరిపడింది. దొడ్డమ్మ మాత్రం దుప్పట్లోంచి తల పైకెత్తి నింపాదిగా, "ఎల్లవే. నానెంతో నువ్వూ అంతే" అంది.

అదేమిటని మేమిద్దరం అడిగాం. అప్పుడు చెప్పింది. యుద్ధం అయిన ఏడాదే వడ్డాది సంతలో, రంగం నుంచి నడిచొచ్చిన మనిషొకడు పెదనాన్న పోవడం కళ్ళారా చూశానని చెప్పాడట. ఇంకెవడికీ చెప్పొద్దని వాడి చేత ఒట్టేయించుకుని, సంతలో కొనాల్సినవి కొనుక్కుని ఇంటికొచ్చిందట. చెల్లెలూ, చెల్లెలి కొడుకూ తన మీదే ఆధారపడి ఉన్నారు. ఆ వారంలోనే బిందె ఎత్తింది. అంటే ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో గెలిచిన వ్యాజ్యాలన్నిటికీ ఎదురొచ్చింది మా అమ్మలాంటి మనిషే, బొట్టొక్కటే తేడా.

నేను జేబులోంచి ఉత్తరం తీసి తలొంచుకున్నాను. దొడ్డమ్మ నవ్వింది. "మొదటిపాలి బియ్యం మిల్లన్నావు, రెండోపాలి కర్ర మిల్లన్నావు. అయినా బాగా సదివేవురా బాబూ. మీ పెదనాన్న బతికుండగా ఏనాడూ నాతో అంత మంచిగా మాటాడేడు కాదు. అందుకే మల్లీ మల్లీ సదవమన్నాను" అంది. నేను ఆవిడ మీద జాలిపడిన ఆ మూడు నెలలూ ఆవిడ నా మీద జాలిపడిందన్నమాట.

అమ్మ బొట్టు మాత్రం పెట్టుకోనంది. అక్క చీరల్లో పసుపు రంగుది కట్టుకుని, చలికి కప్పుకున్నట్టు కొంగు తల మీదుగా లాక్కుని, బిందె ఎత్తుకుంది. రెండు దగ్గులు వినపడ్డాయి. బిందెలో నీళ్ళు తొణికాయి కానీ, నాలుగో అడుగుకి సరిగ్గా ఎదురైంది. కామందు గారు బిందెని చూశారు, చీర అంచుని చూశారు, తల పంకించి వెళ్ళిపోయారు. ఎదురొచ్చిన మనిషి మొహం ఎవరు చూస్తారు? మధ్యాహ్నానికల్లా పదకొండేళ్ళ కేసు గెలిచారు.

ఆ వేసవిలో నా ఉద్యోగం ఖాయమై అనకాపల్లి వేశారు. దొడ్డమ్మ ఇక నడిచింది చాలంది, ముగ్గురం బండి కట్టించుకుని పెయ్యని వెనక కట్టుకున్నాం. ఆ బయల్దేరే పొద్దున్న, వీధి వీధంతా చూస్తుండగా, అమ్మ తన మామూలు తెల్లచీరతోనే నిండు బిందె పట్టుకుని నాకు ఎదురొచ్చింది. అరుగు మీంచి కామందు గారు, "ఒరే, శుభమా అని ఎల్తన్నావు, మీ యమ్మని లోపలికెల్లమను" అన్నారు. నేను వినయంగా, మీ తీర్పు రోజున ఎదురొచ్చింది ఈవిడేనండీ బాబుగారూ, బిందె గుర్తుపట్టండి, కింద సొట్ట ఉంటుంది అన్నాను. ఆయన సొట్ట వైపు చాలాసేపు చూశారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో మా అమ్మలాంటి ఆడవాళ్ళు ముగ్గురున్నారు. ఒకావిడ బ్యాంకుకి స్కూటరు మీద వెళ్తుంది, ఆవిడ ఎదురైతే ఎవరూ వెనక్కి తిరగరు, దారిమ్మని హారన్ కొట్టినా పక్కకి తప్పుకుంటారు. అది తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది. కానీ మూలలకి పసుపు రాసిన ఉత్తరం కూడా ఆ వెనక్కి తిరగడాలతో పాటే పోయింది, అది మాత్రం ఉండిపోయి ఉంటే బాగుండుననిపిస్తుంది.

నేను ఆఖరుసారి అలాంటి ఉత్తరం రాసింది అనకాపల్లి వెళ్ళిన ఆ ఏడాదే. గట్టు కేసులో ఓడిపోయినవాళ్ళు విశాఖపట్నంలో అప్పీలు వేశారు. కామందు గారి దగ్గర్నుంచి అనకాపల్లికి కార్డు వచ్చింది, నేనే బట్వాడా చేసుకున్నాను. తీర్పు రోజున ఎదురొచ్చినావిడని, ఆవిడనే, ఒక్కసారి పంపించవలసిందనీ, బండి పంపుతాననీ. ఈసారి ఒక్క మాటా కలపకుండా ఉన్నదున్నట్టు చదివాను. మా అమ్మ పెయ్యకి గడ్డి వేస్తూ వింది. ఆవిడ పైకి నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"కోర్టు రోజుల్లో పెరట్లోనే ఉండమని వోరే సెప్పేరు గదా. అదే రాయి" అంది.

అదే రాశాను, అక్షరం మార్చలేదు. దొడ్డమ్మ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చిచ్చింది. నాలుగు మూలలా నిండుగా రాసి, ఆరబెట్టి, నా చేత్తోనే ముద్ర కొట్టి చోడవరం సంచీలో వేశాను.