కొసరుగా వచ్చిన బిళ్ల

పొద్దున వాడుక ఇళ్లకు పాలు పోసి వస్తే మధ్యాహ్నమంతా నాదే. మూడో తరగతిలోనే బడికి సలాం చెప్పినదాన్ని. పూసలు గుచ్చడానికి పంతులెందుకు? పురానాపూల్ దగ్గర గురువారం సంతలో తెగిన గొలుసులు, వంకర గజ్జెలు కుప్పపోసి అమ్మేవాళ్లు. తెచ్చి చింతపండుతో తోమి, కొత్త హారాలు కట్టేదాన్ని.

"పెంటకుప్ప మీద గూడ మా అక్కకు నగలే కనవడ్తయి," అనేది చెల్లెలు.

ఆ చెల్లెలి పూలుపండ్లకు ఎర్రపూసల హారం కట్టాను. నడుమ ఒక చిన్న వెండి బిళ్ల, దాని మీద ఆడబొమ్మ. పూసలమ్మినవాడితో పోట్లాడి కొసరుగా లాక్కొచ్చిన బిళ్ల అది. అమ్మవారనుకున్నాను.

పెళ్లి ఖాయం చేసుకోను బహదూర్‌పురా నుంచి మగపెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు నాయనమ్మ చూపు పిల్ల మెడ దగ్గరే ఆగిపోయింది.

"ఇదెవలు ఏసిన్రు బిడ్డా?"

"నేనే కట్టిన అవ్వా. నీకు గూడ ఒకటి కట్టియ్యాల్నా? మళ్ల పెండ్లికొస్తది."

"మొదటి పెండ్లాం సచ్చిపోతే, రెండోసారి వచ్చినామె మెడల ఏసుకునే బిళ్ల ఇది. ఈ బొమ్మ ఆ సచ్చినామె. మా పిలగానికి ఇదే మొదటి పెండ్లి గదా. మరి ఈమె ఎవలు?"

పండ్ల పళ్లెం పట్టుకున్నావిడ దాన్ని మెల్లగా వెనక్కి జరుపుకుంది. చెల్లెలు తల ఎత్తలేదు.  నేను దాని మెడలోంచి హారం విప్పాను.

"తీసి యాడ పెడ్తవు?" అంది ముసలామె. "మెడకెక్కినామెను పారేస్తే ఊకుంటదా? ఎవలో ఒకలు మొయ్యాలె."

బిళ్ల తెంపి నా పుస్తెల తాడుకే కట్టుకున్నాను. "నేను మోస్త అవ్వా. నా చెల్లె మీద కోపం పెట్టుకోకున్రి."

ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. బిళ్లకు కుంకుమ పెట్టి, పళ్లెం ఇటు తెమ్మంది.

ఇంటికెళ్లాక మా ఆయన బిళ్లను పట్టి చూశాడు.

"నాకు తెల్వకుండ నా మొదటి పెండ్లి ఎప్పుడు జేసినవే?"

మరో రోజైతే ఆ మాటకు నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను.

పండుగనాడు ఆ బిళ్లకు పసుపు పెడతాను. పేరు తెలియదు కనుక అక్కా అంటాను. ఎవరింట్లోనో పూజలందుకున్న మనిషి. నేనామెను గుప్పెడు పూసల మీద కొసరడిగాను.